చిన్న పెట్రోలు ఇంజన్, 4వ పాఠం: మూలన పెట్టే ముందు

గత పాఠంలో ఆయిల్ మార్చడం, ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చెయ్యడం చూశాం. ఆ రెండు పనులూ మీ చేత్తో ఒక్కసారైనా చేశాకే ఈ పాఠం మొదలుపెట్టండి. ఈసారి నేర్చుకునేది, ఇంజన్‌ను నెలల తరబడి వాడకుండా ఉంచాల్సి వచ్చినప్పుడు ఏం చెయ్యాలన్నది.

హైదరాబాద్ ఇళ్లలో చిన్న జనరేటర్‌కు ఎక్కువ పని పడేది ఏప్రిల్, మే నెలల్లో. గాలివానకు కొమ్మలు తీగల మీద పడి కరెంటు పోతే బయటికి తీస్తాం. తర్వాత వినాయక మండపానికో, ఇంట్లో ఫంక్షన్‌కో తీస్తాం. మిగతా రోజులన్నీ అది అలా పడి ఉంటుంది. "మొన్నటిదాకా మంచిగనే నడిచిందన్నా, ఇప్పుడు తాడు ఎంత లాగినా స్టార్ట్ అయితలేదు" అంటూ మెకానిక్ దగ్గరికి తెచ్చే ఇంజన్లలో చాలావాటికి వాడకం వల్ల అరిగిన భాగమేదీ ఉండదు. లోపల వదిలేసిన పెట్రోలే వాటిని పాడుచేస్తుంది.

లోపల ఏం జరుగుతుంది

పెట్రోలులో తొందరగా ఆవిరయ్యేవి, నెమ్మదిగా ఆవిరయ్యేవి చాలా పదార్థాలు కలిసి ఉంటాయి. నిలవ ఉంటే ముందు తేలికవి ఎగిరిపోతాయి. చల్లని ఇంజన్ అంటుకోవడానికి కావాల్సినవి సరిగ్గా అవే. మిగిలింది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా జిగురు కడుతుంది. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌లోకి పంపే కార్బురేటర్ అడుగున, మెకానిక్‌లు బౌల్ అనే చిన్న గిన్నె ఉంటుంది. అందులో ఉండే కాస్త పెట్రోలు ట్యాంకులోని దానికంటే ముందే చెడిపోతుంది. దాని జిగురు వెళ్లి, పెట్రోలును కొలిచి వదిలే జెట్‌లో పడుతుంది. జెట్ రంధ్రం సూది మొనంత సన్నం కాబట్టి కొంచెం పూత పట్టినా ఇంజన్ స్టార్ట్ కాదు, ఒకవేళ స్టార్ట్ అయినా చోక్ తియ్యగానే ఆగిపోతుంది.

దీనికి ఇథనాల్ తోడయింది. మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో ప్రవేశపెట్టారు, ఇప్పుడు బంకుల్లో మామూలుగా పోసేది అదే. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో ట్యాంకు సగమే నిండి ఉంటే పైనున్న ఖాళీలో తేమ గాలి ఉంటుంది. కొంతవరకు ఆ నీరు పెట్రోలులోనే కలిసి ఉంటుంది. మోతాదు మించితే ఇథనాల్, నీరు రెండూ విడిపోయి అడుగున చేరతాయి. ఇంజన్‌కు పెట్రోలు వెళ్లేదీ అడుగు నుంచే. ఇథనాల్‌కు తట్టుకునేలా చెయ్యని పాత ఇంజన్లలో రబ్బరు పైపులు, వాషర్లు కూడా ఉబ్బిపోతాయి.

అందుకే నెల రోజులకు మించి వాడమని తెలిస్తే పెట్రోలు మొత్తం తీసెయ్యండి. ట్యాంకు ఖాళీగా ఉంటే తుప్పు పడుతుంది, నిండా పోసి ఉంచమని కొందరు మెకానిక్‌లు చెబుతారు. ఇనుప ట్యాంకుకు ఆ మాటలో కొంత నిజం ఉంది. అయినా పిల్లలు తిరిగే ఇంట్లో నిండు ట్యాంకు పెట్రోలు మూడు నెలలు ఉంచడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. ట్యాంకును బాగా ఆరబెట్టి, మూత గట్టిగా బిగించి, పొడి చోట పెడితే తుప్పు భయం చాలావరకు తగ్గుతుంది.

పని మొదలుపెడదాం

పగటి వెలుతురులో, ఆరుబయట చెయ్యండి. దగ్గర్లో సిగరెట్, పొయ్యి, అగరుబత్తి, వెల్డింగ్ లాంటివేవీ ఉండకూడదు.

ముందు ఇంజన్‌ను ఐదు నిమిషాలు నడపండి. తలుపులు, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో ఉంచి, పొగ ఇంటివైపు రాకుండా సైలెన్సర్‌ను తిప్పి పెట్టండి. బాల్కనీలో గానీ, షట్టర్ తీసి ఉన్నా సరే సెల్లార్‌లో గానీ వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, మత్తు వచ్చి మనిషి అక్కడే పడిపోయే దాకా తెలియదు.

నడుస్తుండగానే పెట్రోలు కాక్, అంటే ట్యాంకు నుంచి పెట్రోలు వచ్చే కుళాయి, ఆఫ్ చెయ్యండి. బౌల్‌లో ఉన్నది అయిపోగానే ఇంజన్ తనంతట తానే ఆగుతుంది. స్విచ్ కూడా ఆఫ్ చేసి, స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకి పక్కకు పెట్టండి. పాత ఆయిల్ మార్చాల్సి ఉంటే ఇప్పుడే, వెచ్చగా ఉండగా మార్చండి. నల్లబడ్డ ఆయిల్‌లో ఆమ్లాలు, తేమ ఉంటాయి, వాటితో ఇంజన్‌ను నిలవ పెట్టకూడదు.

ఇక ఆగండి. సైలెన్సర్ మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లబడే దాకా, అంటే గంటసేపైనా, ట్యాంకు మూత తియ్యకండి. ఈ ఒక్క గంట దగ్గర తొందరపడే వాళ్లే ఎక్కువ. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల కింద కూడా అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. మన మే నెల ఎండలో, వేడి సైలెన్సర్ పక్కన ఎలా ఉంటుందో ఊహించండి.

చల్లబడ్డాక చేతి పంపుతో ట్యాంకులోని పెట్రోలును రేకు డబ్బాలోకి తీయండి. డబ్బా నేల మీదే ఉండాలి. పైపు పెట్టి నోటితో పీల్చే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది, దయచేసి మానెయ్యండి. ఒక్క గుక్క పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా పెట్రోలు మింగితే వాంతి చేయించకండి. వాంతిలో అది మళ్లీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తర్వాత బౌల్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, కింద చిన్న గిన్నె పట్టండి. ఇంజన్ తనంతట ఆగినా ఇంకా కొంచెం మిగిలే ఉంటుంది. జిగురయ్యేది ఆ మిగులే. అందులో నీటి బొట్లు, తెల్లటి పొడి కనిపిస్తే ట్యాంకులోకి నీరు చేరిందని అర్థం. చుక్కలు ఆగాక స్క్రూ బిగించండి. ట్యాంకు మూత తీసి కాసేపు ఆరనివ్వండి.

పెట్రోలు గిన్నె, డబ్బా దూరంగా తీసుకెళ్లాకే ప్లగ్ విప్పండి. ఆ రంధ్రంలో ఒక చెంచా, అంటే 5 నుంచి 10 మిల్లీలీటర్ల కొత్త ఇంజన్ ఆయిల్ పోసి, పైన గుడ్డ కప్పి, తాడును రెండు మూడు సార్లు మెల్లగా లాగండి. ఆయిల్ సిలిండర్ గోడలకు పట్టుకుంటుంది. ప్లగ్‌ను ముందు వేళ్లతోనే తిప్పి, మరలు కుదిరాక పానాతో బిగించండి. ఆ తర్వాత తాడును మళ్లీ మెల్లగా లాగుతూ, బరువుగా తగిలిన చోట ఆపి వదిలెయ్యండి. అక్కడ గాలి లోపలికి, పొగ బయటికి వెళ్లే రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, తేమ గాలి సిలిండర్‌లోకి పోదు. చిన్న పనే గానీ వానాకాలంలో దీని విలువ తెలుస్తుంది.

ఎక్కడ పెట్టాలి

పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేలను అంటుకుని పల్లంవైపు పాకుతుంది. కాబట్టి అపార్ట్‌మెంట్ సెల్లార్ దీనికి పనికిరాదు. దిగిన ఆవిరి అక్కడే నిలుస్తుంది. అక్కడే నీళ్ల మోటారు స్టార్టర్ ఉంటుంది, మీటర్లు ఉంటాయి, పైగా పెద్ద వాన వస్తే నీళ్లు చేరతాయి. వంటింటి వెనక వాష్ ఏరియా కూడా వద్దు. గ్యాస్ సిలిండర్, గీజర్, వాషింగ్ మెషీన్ అన్నీ అక్కడే ఉంటాయి. ఇన్వర్టర్ పక్కన, దేవుడి గది ఆనుకుని ఉన్న మూలన కూడా పెట్టకండి. మెట్ల కింద పెడితే, మంట లేస్తే బయటపడాల్సిన దారే మూసుకుపోతుంది. ఇండిపెండెంట్ ఇంటికి ప్రహరీ లోపల రేకుల షెడ్డు, గాలి ఆడేలా ఉంటే అన్నిటికంటే మంచిది. అది లేకపోతే టెర్రస్ మీద నీడలో, వాన తగలని చోట.

చెక్క పలక మీద పెట్టి పాత దుప్పటి కప్పండి. ప్లాస్టిక్ షీటుతో బిగించి చుడితే లోపల తేమ పడుతుంది. ఎలుకలు ఫ్యాన్ కవర్‌లో గూడు కడతాయి, వైర్లు కొరుకుతాయి. సైలెన్సర్ నోటికి గుడ్డ కట్టి, దానికి ఎర్ర రిబ్బన్ వేలాడదీసి, "స్టార్ట్ చేసే ముందు తియ్యాలి" అని చీటీ అంటించండి.

తీసిన పెట్రోలు తాజాదైతే వడగట్టి బండిలో పోసుకోవచ్చు. నీరు కలిసినా, పులిసిన పెయింట్ లాంటి వాసన వచ్చినా వద్దు. డ్రైనేజీలో పోస్తే మ్యాన్‌హోళ్లలో ఆవిరి చేరుతుంది, నాలాలో పోస్తే మూసీకి పోతుంది. పాత ఆయిల్‌తో పాటు విడి డబ్బాలో వర్క్‌షాపుకు ఇవ్వండి. మంచినీళ్ల సీసాల్లో పెట్రోలు పొయ్యడం మాత్రం ఎంత కాసేపటికైనా వద్దు. దాహంతో ఎవరో ఒకరు తాగుతారు. అమ్మకానికి కాకుండా సొంతానికైతే 30 లీటర్ల వరకు లైసెన్సు అక్కర్లేదని 1934 నాటి పెట్రోలియం చట్టం చెబుతుంది. అది చట్టం గీసిన హద్దు, ఇంటికి ఐదు లీటర్ల రేకు డబ్బా చాలు. ఎండకు పెట్రోలు వ్యాకోచిస్తుంది కాబట్టి దాన్నీ అంచుదాకా నింపకండి.

ఈ వారం అభ్యాసం

మీ ఇంజన్‌లో బౌల్ డ్రెయిన్ స్క్రూ ఎక్కడుందో చూసి బొమ్మ గీసుకోండి. ఇవాళ చెప్పిన పనంతా చేశాక, మర్నాడు ఉదయం షెడ్డు తలుపు తియ్యగానే వాసన గమనించండి. పెట్రోలు వాసన ఇంకా వస్తుంటే స్విచ్ వెయ్యకండి, తలుపు తెరిచి ఉంచి, ఆవిరి పోయాక కాక్, పైపు క్లిప్పు, డ్రెయిన్ స్క్రూ ఒక్కొక్కటి చూడండి.

వచ్చే పాఠంలో ఇదే ఇంజన్‌ను మూడు నెలల తర్వాత తీసి మొదటిసారి స్టార్ట్ చేస్తాం. ఆలోగా కొత్త స్పార్క్ ప్లగ్ ఒకటి తెచ్చుకోండి. సికింద్రాబాద్ రాణిగంజ్ షాపుల్లో అడిగేటప్పుడు ఇంజన్ కంపెనీ పేరు చెబితే సరిపోదు, పాత ప్లగ్ మీదున్న నంబరు రాసుకుని వెళ్లండి.