బడిలో పిల్లలు దిగులుగా ఉంటే టీచర్లు ఏం చేయాలి, ఎలా చేయాలి?

పిల్లల మానసిక ఆరోగ్యం అనగానే మన టీచర్లలో చాలామంది "అది డాక్టర్ల పనండీ, మాకు సిలబస్సే అవ్వట్లేదు" అంటారు. జబ్బు ఏమిటో తేల్చడం, మందులివ్వడం మన పని కాదు, ఒప్పుకుంటాను. కానీ పొద్దున్నించి సాయంత్రం దాకా పిల్లాడు ఉండేది మన కళ్లముందే. మానసిక సమస్యల్లో దాదాపు మూడో వంతు 14 ఏళ్ల వయసు లోపే, సగం 18 ఏళ్ల లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, 14 ఏళ్లంటే మన ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల వయసు. గమనించి, అడిగి, సాయం దొరికే చోటికి చేర్చడం మాత్రం కచ్చితంగా మన పనే. గోదావరి డెల్టాలోని బడుల్లో, ఉన్న మనుషులతోనే, దీన్ని ఎలా చేయొచ్చో రాస్తున్నాను.

1. ఎవరు ఎవరి దగ్గర ఉంటున్నారో తెలుసుకోండి

బళ్లు తెరిచిన జూన్‌లోనే ఈ పని పెట్టుకోండి. పెద్ద ఫారాలేమీ అక్కర్లేదు, ఒక నోట్‌బుక్ చాలు. కోనసీమలో, పాలకొల్లు, నరసాపురం వైపు ఏ తరగతిలో చూసినా అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్లి, అమ్మమ్మ దగ్గరో మామ్మ దగ్గరో పెరుగుతున్న పిల్లలు ఉంటారు. రికార్డులో వాళ్ల అమ్మానాన్నల పేర్లుంటాయి, అడ్రసూ ఉంటుంది, ఇంట్లో రాత్రి ఆ పిల్లకి అన్నం పెట్టేదెవరో మాత్రం ఉండదు. చేపలు, రొయ్యల చెరువు లీజు దెబ్బతిని అప్పుల్లో పడ్డ ఇల్లు ఏది, లంకలోంచి (గోదావరి మధ్య దీవిలోంచి) పడవ మీద వచ్చే పిల్లలెవరు, ఈ ఏడాది ఎవరింట్లో చావు జరిగింది, ఇవన్నీ క్లాస్ టీచర్‌కి తెలిసి ఉండాలి. ఆ నోట్‌బుక్ మాత్రం స్టాఫ్‌రూమ్ బల్ల మీద పడేయకండి.

2. మార్పు మీద కన్నేయండి

ఒక్కరోజు ముభావంగా ఉంటే కంగారు అక్కర్లేదు. రెండు వారాలైనా అదే పరిస్థితి అయితే పట్టించుకోవాలి. ఏడుపు ఒక్కటే గుర్తు అనుకోవద్దు, మగపిల్లల్లో బాధ చాలాసార్లు కోపంగానూ గొడవలుగానూ బయటికొస్తుంది. మాటిమాటికీ కడుపునొప్పి, తలనొప్పి అంటూ ఉండటం (డాక్టర్ చూసి ఏమీ లేదన్నా కూడా), మొదటి పీరియడ్‌లోనే నిద్ర, సోమవారం సోమవారం బడి మానడం, ఎప్పుడూ కలిసి తిరిగే జట్టులోంచి విడిపోవడం, ఇవీ గుర్తులే. మధ్యాహ్న భోజనం దగ్గర ఒక పది నిమిషాలు నిలబడి చూడండి, ఎవరు పళ్లెంలో అన్నం కెలుకుతూ కూర్చున్నారో, ఎవరి పక్కన ఎవరూ కూర్చోవట్లేదో అక్కడ తెలిసినంతగా క్లాసులో తెలీదు. మన బడి భోజనానికి పెట్టింది లంకల గన్నవరంలో దారినపోయేవాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు, ఆ వడ్డన దగ్గర టీచర్ నిలబడటం ఏమీ చిన్నతనం కాదు.

ఎండాకాలంలోనూ చేతులు కనబడకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకొస్తుంటే (తనే చేసుకున్న గాయాలు దాచుకోవడానికి కావచ్చు), ఇష్టమైన వస్తువులు స్నేహితులకి ఇచ్చేస్తుంటే, "నేను లేకపోతే అందరికీ హాయి" లాంటి మాట అంటే రెండు వారాలు ఆగకండి. ఆరోజే మాట్లాడాలి.

3. అడగండి, కానీ స్టాఫ్‌రూమ్‌లో నిలబెట్టి కాదు

నలుగురు టీచర్ల మధ్య చేతులు కట్టుకు నిలబడ్డ పిల్ల ఏం అడిగినా "ఏం లేదు మేడమ్" అనే అంటుంది. అదే "ఈ కాపీలు కాస్త పట్టుకురా అమ్మా" అని పిలిచి వరండాలో పక్కపక్కన నడుస్తూ అడిగితే చెప్పే అవకాశం ఎక్కువ. ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తే పిల్లలు బిగుసుకుపోతారు. నలుగురికీ కనబడే చోటే ఉండండి, మాట మాత్రం ఇంకొకరికి వినబడకూడదు.

మీరు చూసినదాంతో మొదలుపెట్టండి. "ఏమైంది నీకు, ఎందుకలా ఉంటున్నావ్?" అంటే నిలదీసినట్టుంటుంది. "వారం నుంచి నువ్వు అన్నం సరిగ్గా తినట్లేదు నాన్నా, నాకు కాస్త బెంగగా ఉంది" అంటే అడిగేది తన కోసమేనని పిల్లాడికి తెలుస్తుంది. అడిగాక ఆగాలి. అర నిమిషం మౌనం మనకి చాలా పొడుగ్గా అనిపించి వెంటనే సలహాలు మొదలుపెడతాం, అక్కడే ఆ పిల్లాడి నోరు మూతపడుతుంది. ఏమీ చెప్పకపోయినా ఫర్వాలేదు, "సరేలే, చెప్పాలనిపించినప్పుడు నేనిక్కడే ఉంటాను" అనండి, రెండు రోజులాగి మళ్లీ పలకరించండి.

అనకూడని మాట ఒకటుంది, మనవైపు బాగా అలవాటైపోయింది. "మీ అమ్మ అక్కడ ఎవరింట్లోనో అంట్లు తోముతూ నీ కోసం కష్టపడుతుంటే నువ్విలా ఉంటావా?" మంచి ఉద్దేశంతోనే అంటాం. కానీ ఆ పిల్లకి అమ్మ లేని బెంగ ఒకపక్క ఉండగానే, అమ్మ కష్టానికి తానే కారణం అన్న తప్పు కూడా నెత్తికెత్తినట్టు అవుతుంది. "అమ్మ గుర్తొస్తోందా?" అని అడగండి చాలు.

4. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి

"మాష్టారూ, ఎవరికీ చెప్పనని ఒట్టేయండి" అని పిల్లలు అడుగుతారు. ఒట్టు వేయొద్దు. "నీ మాట పదిమందిలో పెట్టను. కానీ నీకు ప్రమాదం ఉందనిపిస్తే సాయం చేసేవాళ్లకి చెప్పాలి, ఎవరికి చెబుతానో ముందు నీకే చెబుతాను" అనండి. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పోలీసులకి తెలియజేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి, పరువు పోతుందని బడిలోనో ఊరి పెద్దల దగ్గరో సర్దుబాటు చేయడం నేరం. 1098కి ఫోన్ చేసినా పిల్లల రక్షణ చూసేవాళ్లు పలుకుతారు.

5. చావు ఆలోచన ఉందేమోననిపిస్తే సూటిగా అడగండి

అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతాం. అది అపోహ, అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, లోపల ఉన్న బరువు బయటపెట్టుకోవడానికి దారి దొరుకుతుంది. "బతకాలని లేదనిపిస్తోందా? చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా?" అని మెల్లగా, స్పష్టంగా అడగండి. అవునంటే కేకలు వేయొద్దు, దేవుడి మీద ప్రమాణాలు చేయించొద్దు. ఒంటరిగా వదలకండి, ఇంటికి ఒక్కరినీ పంపకండి. ఇంటి పెద్దని పిలిపించి చేతికి అప్పగించి, పురుగుమందులు, ఇంట్లో ఉన్న మాత్రలు పిల్లాడికి అందకుండా తాళం వేయమని విడమర్చి చెప్పండి. వరిచేలు, చెరువులు ఉన్న మన ఇళ్లలో మందు డబ్బాలు వసారాలోనే పడి ఉంటాయి కాబట్టి ఈ మాట మొహమాటపడకుండా చెప్పాలి.

వెంటనే మాట్లాడటానికి టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 ఉంది. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలే కాదు, ఏం చేయాలో తోచని టీచర్ కూడా చేయొచ్చు. ఆ నంబర్‌ని హెడ్మాస్టర్ గదిలో కాకుండా, పిల్లలు ఒంటరిగా చూసి రాసుకోగలిగే చోట అతికించండి.

6. ఇంటివాళ్లతో మాట్లాడటం

ఫిర్యాదులా మొదలుపెట్టకండి. పిల్లలో ఉన్న ఒక మంచి సంగతి చెప్పి అప్పుడు అసలు విషయంలోకి వెళ్లండి. అమ్మ గల్ఫ్‌లో ఉంటే ఆవిడతోనూ మాట్లాడాలి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు, మస్కట్ గంటన్నర వెనక ఉంటాయి, పని మధ్యలో ఆవిడ ఫోన్ తీయలేకపోవచ్చు. అందుకని ఎప్పుడు ఖాళీ అవుతుందో అమ్మమ్మని అడిగి ఆ వేళకే చేయండి, ముందుగా "పాప బాగానే ఉందమ్మా, కంగారుపడకండి" అని ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. అంత దూరంలో ఉన్న తల్లికి బడి నుంచి ఫోన్ అంటే గుండె ఆగినంత పనవుతుంది.

"దిష్టి తగిలిందండీ, గాలి సోకింది" అంటే వాదించకండి. దిష్టి తీయించుకోమనండి, దాంతోపాటు ఆస్పత్రికీ తీసుకెళ్లమనండి. కొట్టే వైద్యం, కట్టేసే వైద్యం మాత్రం ఒప్పుకోవద్దు. ముందు దగ్గర్లోని పీహెచ్‌సీ డాక్టర్‌కి చూపించొచ్చు, కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. మొదటిసారి వెళ్లేటప్పుడు బడి నుంచి ఒకరు, కనీసం ఊరి ఆశా కార్యకర్త అయినా, తోడు వెళ్తే ఆ కుటుంబం మళ్లీ వెళ్తుంది.

7. బడిలో మనం మానుకోవాల్సినవి

మార్కులు గట్టిగా చదవడం, తక్కువ వచ్చినవాళ్లని వేరే సెక్షన్‌లో వేసి వాళ్ల ముందే "వీళ్లింతే" అనడం. ఇవి చేస్తూ కౌన్సెలింగ్ గురించి మాట్లాడటంలో అర్థం లేదు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. విశాఖలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరిముందూ అవమానించడం సాధ్యమైనంతవరకు మానాలని ఉంది. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఉండాలని కూడా చెప్పింది. మీ పిల్లలు చదివే బడిలోనో కాలేజీలోనో ఆ మనిషి ఎవరో పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి.

వరదలొచ్చి బడి మూతపడి మళ్లీ తెరిచినప్పుడు, లంక పిల్లలకి మొదటి రోజే పరీక్ష పెట్టకండి. పుస్తకాలు తడిసిపోయినవాళ్లెవరో కనుక్కుని, ఎప్పటిలాగే ప్రార్థన, ఆటలు, భోజనం జరిపించండి. ఏది మారినా బడి మారలేదన్న ధైర్యం వాళ్లకి కావాలి.

8. టెన్త్ ఫలితాల రోజు

దీనికి ముందే మనుషుల్ని పంచుకోండి. ఫలితాలు రాగానే ఫెయిలైన పిల్లల జాబితా తీసి, ఒక్కో టీచర్ కొందరి బాధ్యత తీసుకుని ఆ గంటలోనే ఫోన్ చేయాలి, ఫోన్ ఎత్తకపోతే బండేసుకుని ఇంటికి వెళ్లాలి. ముందు పెద్దవాళ్లతో "ఈరోజు ఏమీ అనకండి, ఒంటరిగా ఉండనివ్వకండి" అని చెప్పి, తర్వాత పిల్లాడికి ఫోన్ ఇమ్మనండి. ఉపన్యాసం వద్దు. ఏ సబ్జెక్టు పోయిందో, సప్లిమెంటరీకి ఫీజు ఆఖరి తేదీ ఎప్పుడో, ఆ సబ్జెక్టు చెప్పడానికి ఏ టీచర్ ఏ రోజు నుంచి బడికి వస్తారో చెప్పి, "రేపు పొద్దున్న తొమ్మిదింటికి రా, నేను ఉంటాను" అనండి. పొద్దున్న ఆ టైముకి మీరు అక్కడ ఉండండి, వాడు రాకపోతే మళ్లీ ఫోన్ చేయండి.