పాస్ ఇంటర్‌ఫియరెన్స్, 4వ పాఠం: తగలడం వేరు, అడ్డుపడడం వేరు

పోయిన పాఠంలో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) ఆట మొదలయ్యే గీత నుంచి 5 గజాలు దాటాక రిసీవర్‌ని, అంటే పాస్ అందుకునేవాణ్ని, నెట్టితే పడే ఇల్లీగల్ కాంటాక్ట్ చూశాం. బంతి క్వార్టర్‌బ్యాక్ (పాస్ విసిరేవాడు) చేతిలో ఉండగా జరిగే తప్పు అది. ఈసారి బంతి గాల్లోకి లేచినప్పటి నుంచి ఎవరో ఒకరు దాన్ని తాకేదాకా రిసీవర్‌ని కాపు కాసే డిఫెండర్ ఏం చేయొచ్చో చూద్దాం. ఆ వేళ రిసీవర్‌కి అడ్డుపడితే అదే పాస్ ఇంటర్‌ఫియరెన్స్.

కబడ్డీ చూసి పెరిగిన కంటికి తగిలితే ఔటే. ఆ అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది. ఇద్దరూ బంతి కోసమే చేతులు చాస్తే ఒరుసుకోక మానరు. ఇద్దరూ బంతినే చూస్తూ కాళ్లు చుట్టుకుని బోర్లా పడ్డా ఫ్లాగ్ (తప్పు జరిగిందని రెఫరీ విసిరే గుడ్డ) వేయకూడదు. బంతి వైపు తలే తిప్పని డిఫెండర్ ముందే వచ్చి గుద్దితే మాత్రం వేయాల్సిందే. తగిలిందా అని కాదు, ఆ తాకిడి వల్ల రిసీవర్‌కి బంతి అందుకునే వీలు పోయిందా అని అడగాలి. ఎలాగూ అందని బంతైతే అసలు ఆ ప్రశ్నే లేదు. కానీ అది ఖాయంగా అందదని తేలాలి. అనుమానముంటే అందుతుందనే లెక్క.

నేను ముందు చూసేది చేతులు. రిసీవర్ ఒంటి చేత్తో బంతి కోసం ఎగిరాడంటే రెండో చెయ్యి ఎక్కడుందో వెతకండి. చాలాసార్లు అది డిఫెండర్ చంకలో ఇరుక్కుని ఉంటుంది. తర్వాత నడుం. దాని మీద చెయ్యి ఊరికే ఆని ఉంటే వదిలేయండి, బంతి రాకముందే ఒళ్లు పక్కకు తిరిగిపోతే అది లాగడమే.

2019 జనవరి 20న న్యూ ఆర్లీన్స్‌లో సెయింట్స్, ర్యామ్స్ ఆడిన ఎన్‌ఎఫ్‌సీ (ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక సగం జట్లు) ఫైనల్ వీడియో చూడండి. స్కోరు 20-20, రెండు నిమిషాల లోపే ఆట మిగిలింది. బంతి రాకముందే డిఫెండర్ రిసీవర్‌ని గుద్దేశాడు. ఫ్లాగ్ పడలేదు. ర్యామ్స్ ఓవర్‌టైమ్‌లో 26-23తో గెలిచారు. ఆ గొడవతో మరుసటి సీజన్‌లో ఈ తీర్పుల్ని రీప్లేలో సవాలు చేసే వీలిచ్చారు, ఏడాదికే తీసేశారు.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో దీనికి శిక్షగా తప్పు జరిగిన చోటే బంతి పెడతారు, అది 40 గజాలు ముందైనా సరే. కాలేజీ ఆటలో 15 గజాలకు మించదు. అందుకే ప్రొఫెషనల్ రెఫరీ చెయ్యి ఫ్లాగ్ మీదికి వెళ్లేముందు ఒక్క క్షణం ఆగుతుంది.

ఈ వారం సాధన: ఏదైనా ఆటలో పది లాంగ్ పాస్‌లు తీసుకోండి. బంతి లేవగానే దాన్ని వదిలేసి ఆ ఇద్దరినే చూడండి. తీర్పు కాగితం మీద రాసుకున్నాకే వెనక్కి తిప్పి చూడండి.