లంక భూమిలో కొత్త ఒండ్రు పడితే ముందు గొయ్యి తీసి చూడండి

గోదావరి వరద తీశాక కోనసీమ లంకల్లో పైన నల్లగా, మెత్తగా ఒండ్రు కనబడగానే చాలామంది వెంటనే మొక్కలు పెట్టేస్తారు. ఒక్క రోజు ఆగి, చేలో మూడు నాలుగు చోట్ల మోకాలి లోతు గొయ్యి తీయండి. ఈ ఒండ్రు ఇంకా నేలగా కుదురుకోని మట్టి. శాస్త్రవేత్తలు ఎంటిసాల్స్ అంటారు. ఏ వరద తెచ్చిన పొర ఆ వరదదే, మడత కాజా పొరల్లా విడివిడిగా ఉంటాయి.

మెత్తటి ఒండ్రు కింద ముతక ఇసుక ఉంటే, తడిపిన నీరు ఆ సరిహద్దు దగ్గరే కాసేపు ఆగిపోతుంది. వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి. ఇలాంటి చోట నీళ్లు కొద్దికొద్దిగా పెట్టాలి, వీలైతే లోతు దున్ని పొరలు కలపాలి. అదే పైన ఇసుక మేట వేస్తే లెక్క వేరు. బెత్తెడు లోపు ఉంటే కింది మట్టితో కలిపి దున్నేయొచ్చు, మూరెడు పడితే మాత్రం ఆ ఇసుకను బయటికి తోలించక తప్పదు, ఖర్చైనా సరే.

ఒండ్రు అంటే బలం అనుకుంటాం గానీ, కొత్త మేటలో, ముఖ్యంగా ఇసుక పాలు ఎక్కువైతే, సేంద్రియ పదార్థం, నత్రజని తక్కువే. అందుకే మొదట జనుమో పిల్లిపెసరో చల్లి, పూత దశలో కలియదున్నండి. యూరియా ఒకేసారి గుమ్మరిస్తే నీటితో పాటు కిందికి దిగిపోతుంది, మూడు నాలుగు దఫాలుగా వేయండి. అరటి లాంటి ఏడాది పంట పెట్టే ముందు భూసార పరీక్ష కూడా చేయించుకోండి.