విద్యార్థులు భయానక లఘుచిత్రానికి సిద్ధమయ్యే విధానం

ఐదు నిమిషాల భయానక లఘుచిత్రానికి ఒకే గది, ఇద్దరు పాత్రధారులు, ఒకే భయం చాలు. స్క్రిప్టులో ఒక పేజీ తెరపై దాదాపు ఒక నిమిషమవుతుందన్న లెక్కతో ఐదు పేజీలు దాటకుండా రాసుకోవాలి. దెయ్యాన్ని చూపించడం కన్నా, అది అక్కడ ఉందేమోనన్న అనుమానాన్ని ప్రేక్షకుడిలో పెంచడమే మేలని నా గట్టి నమ్మకం. అందుకే శబ్దం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి: ఫ్యాను, ఫ్రిజ్ ఆపి చిత్రీకరించిన గదిలోనే, అందరూ కదలకుండా నిలబడి, కనీసం 30 సెకన్ల నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుంటే, ఎడిటింగులో మాటల మధ్య ఖాళీలను అతుకు తెలియకుండా పూడ్చవచ్చు. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్ కనుక, ట్యూబులైటు కింద సెకనుకు 25 ఫ్రేములు (విడి బొమ్మలు), 1/50 సెకను షట్టర్ వేగం (ఒక్కో ఫ్రేముకు కెమెరాలోకి వెలుగు పడే సమయం) పెట్టుకుంటే మిణుకు రాదు. చీకటి దృశ్యానికైనా ఒక మూల దీపం ఉండాలి. లేకుంటే ఫోను కెమెరాలో బొమ్మ చుక్కలు చుక్కలుగా వస్తుంది. భవన యజమాని అనుమతి తీసుకుని, కాపలాదారుకు, ఇరుగుపొరుగు వారికి ముందుగానే చెప్పి ఉంచాలి.