గురుకులాల్లో ఫ్లూ: తొలి జ్వరం కనిపించిన రోజే చేయవలసిన పనులు

ఫ్లూ సోకిన పిల్లవాడు జ్వరం బయటపడడానికి దాదాపు ఒక రోజు ముందు నుంచే వైరస్‌ను తోటివారికి అంటించగలడు. ఆ తరువాత 5 నుంచి 7 రోజుల వరకు, చిన్న పిల్లలైతే మరికొంత కాలం, అతని నుంచి ఇతరులకు సోకే అవకాశం ఉంటుంది. ఒకే హాలులో పదుల మంది పడుకునే గురుకులంలో మొదటి జ్వరం వార్డెన్ దృష్టికి వచ్చేసరికే పక్క మంచాల వారిలో ఒకరిద్దరికి వైరస్ చేరి ఉండవచ్చు. అయినప్పటికీ ఆ పిల్లవాడిని అదే రోజు వేరుగా ఉంచడానికీ, మూడు రోజులు చూసి ఉంచడానికీ ఫలితంలో చాలా తేడా ఉంటుంది.

మన దేశంలో ఫ్లూ ఏటా రెండుసార్లు, అంటే జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానాకాలంలోనూ దాని వెనుకనే మరోసారి, ఎక్కువగా వస్తుంది. ఆ నెలల్లో ఉదయం స్టడీ అవర్‌కు ముందే వార్డెన్ ప్రతి మంచం దగ్గరకు వెళ్లి పిల్లలను పలకరించాలి. జ్వరం వచ్చిన వారు చెప్పుకోవాలని నోటీసు అంటించినంత మాత్రాన పిల్లలు చెప్పరు. స్లిప్ టెస్టు పోతుందని కొందరు, సూది వేస్తారని కొందరు, నూటికి నూరు శాతం హాజరుకు ఇచ్చే బహుమతి దక్కదని కొందరు జ్వరాన్ని దాచుకుంటారు. నా అభిప్రాయంలో ఆ బహుమతిని పూర్తిగా ఎత్తివేయడం మేలు, ఎందుకంటే అది జబ్బుతో ఉన్న పిల్లవాడిని తరగతిలో కూర్చోబెట్టినందుకు ఇచ్చే బహుమతిగా మారుతోంది.

వానాకాలపు జ్వరాలన్నీ ఫ్లూ కావు. హఠాత్తుగా జ్వరం, పొడి దగ్గు, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు కలిసి వస్తే ఫ్లూ అని అనుమానించవచ్చు. దగ్గూ జలుబూ లేకుండా తీవ్రమైన జ్వరం ఉంటే డెంగీ, మలేరియా పరీక్షలు చేయించాలి. ఏ జ్వరమో తేలే వరకు బరువును బట్టి పారాసెటమాల్ తప్ప మరో నొప్పి మాత్ర ఇవ్వకూడదు. ఆస్పిరిన్ పిల్లలకు అసలే పనికిరాదు. ఫ్లూ సమయంలో దానివల్ల మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

జబ్బు పడిన వారికి ప్రత్యేక గది లేకపోతే గ్రంథాలయాన్నో, ఒక తరగతి గదినో కొద్ది రోజులపాటు కేటాయించాలి. డార్మిటరీలో మంచాల మధ్య కనీసం 3 అడుగుల ఎడం ఉంచాలి. అంత స్థలం లేని చోట ఒకరి తల ఉన్న వైపు పక్కవారి కాళ్లు వచ్చేలా పడుకోబెడితే ముఖాల మధ్య దూరం పెరుగుతుంది. దోమలు వస్తాయని కిటికీలు మూసివేయడం గురుకులాల్లో సర్వసాధారణం. కిటికీలకు దోమ తెర కొట్టించి, రాత్రంతా తెరిచి ఉంచడమే సరైన మార్గం.

చేతుల శుభ్రతకు ఉపన్యాసాల కంటే సబ్బు ముఖ్యం. సబ్బు బిళ్లను పాత సాక్సులో వేసి కుళాయికి కట్టేస్తే అది పోదు, మురుగులో పడదు. భోజనానికి ముందు 20 సెకన్లు రుద్ది కడుక్కోవాలి. తుడుచుకోవడానికి అందరికీ ఒకే తువ్వాలు ఉండకూడదు. ఎంగిలి పట్టింపు మన పిల్లలకు ఉన్నా, చొక్కా అంచు చుట్టి కొరికి పంచుకునే కాకి ఎంగిలికి మాత్రం మినహాయింపు ఇచ్చుకుంటారు. వైరస్‌కు ఆ మినహాయింపు తెలియదని నవ్వుతూ చెబితే వారు సులువుగా గుర్తుంచుకుంటారు. నీళ్ల సీసా ఎవరిది వారికే ఉండాలి, లేదా అందరూ ఎత్తి తాగాలి.

పిల్లవాడు డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, పెదవులు నీలంగా మారినా, మత్తుగా పడి ఉన్నా, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టినా ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తరలించాలి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారినీ, గిరిజన ప్రాంతాల గురుకులాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్నవారినీ ఈ లక్షణాలు కనిపించే దాకా ఆపకుండా మొదటి రోజే డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే ఫ్లూ మందు ఒసెల్టామివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు ఇస్తేనే ఎక్కువగా పనిచేస్తుంది. యాంటీబయాటిక్‌లు వైరస్‌పై పనిచేయవు. ఇటువంటి పిల్లలకూ, వంటవారితో సహా సిబ్బందికీ ఏటా ఫ్లూ టీకా వేయించడం మంచిది. రక్షణ ఏర్పడడానికి దాదాపు 2 వారాలు పడుతుంది కనుక వానలకు ముందే ఆ పని పూర్తి కావాలి.

ఒకే డార్మిటరీలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి జ్వరం వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలియజేయాలి. 2009లో మన దేశపు తొలి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాదులో నిర్ధారణ అయినప్పటి భయం ఇంకా పోలేదు గనుక, పేరు బయటికి వస్తుందని కొందరు ప్రిన్సిపాళ్లు వెనుకాడతారు. నాటి ఆ వైరస్ తరువాత ఏటా వచ్చే మామూలు ఫ్లూలలో ఒకటిగా కలిసిపోయింది. దాచవలసినది ఏమీ లేదు. భయపడి హాస్టలు మొత్తాన్ని ఒక్కరోజే ఖాళీ చేయించి బస్సులెక్కించడమూ తగదు, అలా చేస్తే జబ్బు ఊళ్లలోని ముసలివారి దాకా చేరుతుంది.

మాత్ర వేయకుండానే 24 గంటలపాటు జ్వరం రాకపోతే పిల్లవాడిని తరగతికి పంపవచ్చు. దగ్గు మరో వారం పది రోజులు మిగిలినా, మోచేతిని అడ్డం పెట్టుకుని దగ్గడం నేర్పి కిటికీ పక్కన కూర్చోబెడితే సరిపోతుంది. పరుగు పందేల నుంచి మాత్రం పీఈటీ ఆ వారం అతన్ని మినహాయించాలి.