మొబైల్ డేటా చార్జీలు అనుకోకుండా మీద పడకుండా ఎలా చూసుకోవాలి?

ఫోన్ బిల్లు ఎక్కువొస్తే ముందు ఇంట్లో పిల్లల మీద, వాళ్లు చూసే వీడియోల మీద విరుచుకుపడతాం. తీరా లెక్క తీస్తే చాలాసార్లు దొంగ ఫోనే. మనం అడక్కుండానే ఫొటోలు బ్యాకప్‌కు పంపుతుంది, యాప్‌లు అప్‌డేట్ చేసుకుంటుంది, వైఫై కాస్త నీరసించగానే చడీచప్పుడు లేకుండా సిమ్ డేటాకు మారిపోతుంది. కాబట్టి మనం తక్కువ వాడటం కన్నా ఫోన్ తనంతట తాను వాడుకునే దారులు మూయడం ముఖ్యం.

ముందు మీ ప్లాన్ ఏ రకమో చూసుకోండి

రోజుకు 1.5 జీబీ, 2 జీబీ ఇచ్చే ప్రీపెయిడ్ ప్లాన్లలో సాధారణంగా కోటా అయిపోతే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుందే తప్ప డబ్బు కోయరు. అర్ధరాత్రి దాటగానే కొత్త కోటా వస్తుంది. ఇది చిరాకే గానీ నష్టం కాదు.

అసలు ప్రమాదం కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే ఉండే ప్యాక్‌లతో. డేటా అక్కర్లేనివాళ్ల కోసం ఇలాంటివి తప్పనిసరిగా ఇవ్వాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పింది. ఊళ్లో అమ్మానాన్నలకు చవగ్గా అవుతుందని ఆ ప్యాక్ వేస్తాం, చేతిలో మాత్రం స్మార్ట్‌ఫోన్ ఉంటుంది. డేటా స్విచ్ ఆన్‌లో ఉండి, మెయిన్ బ్యాలెన్స్‌లో డబ్బుంటే అది ఎంబీల లెక్కన కరుగుతుంది. ఎంబీకి 50 పైసలు అనుకుంటే జీబీకి 512 రూపాయలు. అంటే వంద రూపాయల బ్యాలెన్స్ 200 ఎంబీతో సరి. ఫ్యామిలీ గ్రూపులో వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలకే అది చాలదు.

అలాంటి సిమ్‌కు రెండు పనులు చేయండి. మెయిన్ బ్యాలెన్స్ దాదాపు సున్నాగా ఉంచండి. ఆ సిమ్ నుంచే ఇంగ్లిష్ అక్షరాల్లో స్టాప్ (STOP) అని టైప్ చేసి 1925కు ఎస్ఎంఎస్ పంపండి. డేటా సర్వీసు కంపెనీ వైపు నుంచే ఆగిపోతుంది. మళ్లీ కావాలంటే స్టార్ట్ (START) అని పంపాలి. ఈ నంబరు ఉచితం.

పోస్ట్‌పెయిడ్‌కు బ్యాలెన్స్ అయిపోవడమనే అడ్డుకట్ట లేదు. కోటా దాటాక వేగం తగ్గిస్తారా, చార్జీ వేస్తారా అన్నది ప్లాన్ వివరాల్లో చదివి తీరాలి.

ఫోన్‌లో పరిమితి పెట్టడం

1. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, సిమ్స్‌లోకి వెళ్లి మీ సిమ్ ఎంచుకోండి. డేటా వార్నింగ్ అండ్ లిమిట్ కనిపిస్తుంది. శాంసంగ్‌లో ఇదే కనెక్షన్స్, డేటా యూసేజ్ కింద ఉంటుంది.
2. బిల్లింగ్ సైకిల్ తేదీని మీ బిల్లు మొదలయ్యే తేదీకి మార్చండి. ఒకటో తేదీ అని వదిలేస్తే లెక్కంతా తప్పుతుంది.
3. సెట్ డేటా లిమిట్ ఆన్ చేయండి. ప్లాన్‌లో 75 జీబీ ఉంటే 70 పెట్టండి. ఫోన్ లెక్కా కంపెనీ లెక్కా ఎప్పుడూ అచ్చంగా కలవవు, బిల్లు మాత్రం కంపెనీ లెక్కతోనే వస్తుంది.
4. రెండు సిమ్‌లుంటే దేనికది విడిగా పెట్టాలి.

ఐఫోన్‌లో ఇలా పరిమితి పెట్టే సదుపాయం లేదు. మొబైల్ డేటా పేజీలో కనిపించే కరెంట్ పీరియడ్ నెలనెలా దానంతటది సున్నా కాదు. బిల్లు తేదీన రీసెట్ స్టాటిస్టిక్స్ నొక్కాలి. అదే పేజీలో కిందికి వెళితే వైఫై అసిస్ట్ ఉంటుంది. ముందు దాన్ని ఆపండి. వైఫై నీరసంగా ఉన్నప్పుడు సిమ్ డేటా లాగేది అదే. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ వైఫై సెట్టింగ్స్‌లో మొబైల్ డేటాకు మారే ఆప్షన్ ఉంటుంది.

మూయాల్సిన కుళాయిలు

వాట్సాప్‌లో సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లండి. మొబైల్ డేటా వాడేటప్పుడు, రోమింగ్‌లో ఉన్నప్పుడు అన్న రెండు వరుసల్లోనూ టిక్కులన్నీ తీసేయండి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ వైఫై మీదే జరిగేలా చూడండి. ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ కూడా అంతే.

ఫోన్ డేటాను ఇతర పరికరాలకు పంచే హాట్‌స్పాట్ సంగతి వేరు. ల్యాప్‌టాప్ దాన్ని మామూలు వైఫై అనుకుంటుంది. విండోస్ అప్‌డేట్ ఒక్కటి మొదలైతే జీబీలు పోతాయి. ల్యాప్‌టాప్‌లో ఆ వైఫై పేరు ప్రాపర్టీస్ తెరిచి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేస్తే పెద్ద డౌన్‌లోడ్లు చాలావరకు ఆగుతాయి.

విదేశాలకు వెళ్తుంటే

వేలల్లో బిల్లు పడేది ఇక్కడే. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకూ, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లకూ బ్యాంకు ఓటీపీల కోసం ఇండియా సిమ్ పనిచేస్తూ ఉండాలి. ఆ సిమ్ వల్లే చిక్కు.

ప్యాక్ లేకుండా రోమింగ్‌లో డేటాను చాలాసార్లు 10 కేబీ చొప్పున లెక్కిస్తారు. 10 కేబీకి 5 రూపాయలు అనుకోండి. 3 ఎంబీ ఫొటో ఒక్కటి పైకి వెళితే 1,500 రూపాయలు దాటుతుంది. విమానం దిగి ఫోన్ ఆన్ చేసిన మొదటి రెండు మూడు నిమిషాల్లో, వాట్సాప్, మెయిల్, ఫొటోలు అన్నీ ఒక్కసారి మేలుకున్నప్పుడు, ఎంత పోతుందో మీరే లెక్కేసుకోండి.

బయల్దేరే ముందు రోజు చేయాల్సినవి ఇవి.

1. ఇంటర్నేషనల్ రోమింగ్ సర్వీసు, డేటా రోమింగ్ వేర్వేరు. మొదటిది కంపెనీ యాప్‌లో ఆన్ చేయాలి, లేకపోతే ఓటీపీ రాదు. రెండోది ఫోన్ సెట్టింగ్స్‌లో ఇండియా సిమ్‌కు ఆఫ్ చేయాలి. వచ్చే ఎస్ఎంఎస్‌కు చాలా కంపెనీలు చార్జీ వేయవు. కాల్ ఎత్తితే మాత్రం నిమిషాల లెక్కన పడుతుంది.
2. అక్కడి సిమ్ లేదా ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే పనిచేసే సిమ్) పెట్టుకుంటే డేటాకు దాన్నే ఎంచుకోండి. ఆ తర్వాత చాలామంది మరిచిపోయే స్విచ్ ఒకటుంది. ఐఫోన్‌లో అలౌ మొబైల్ డేటా స్విచింగ్, కొత్త ఆండ్రాయిడ్‌లలో ఆటోమేటిక్‌గా డేటా సిమ్ మార్చే ఆప్షన్. అది ఆన్‌లో ఉంటే స్థానిక సిమ్‌కు సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ ఇండియా సిమ్ మీదికి దూకగలదు. ఆపేయండి.
3. రోమింగ్ ప్యాక్ వేసుకుంటే దేశాల జాబితా, ఆ దేశంలో చెల్లే నెట్‌వర్కుల పేర్లు రెండూ చూడండి. శంషాబాద్ నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా అమెరికా వెళ్తే, దారిలో ఆగే దేశం ఆ ప్యాక్‌లో ఉండకపోవచ్చు. అక్కడ డేటా రోమింగ్ ఆన్ చేయకండి, విమానాశ్రయం వైఫై చాలు.
4. కొన్ని విమానాల్లో, క్రూయిజ్ నౌకల్లో సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది. మామూలు దేశాల ప్యాక్‌లు సాధారణంగా అక్కడ చెల్లవు. ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, కావాలంటే వైఫై ఒక్కటే ఆన్ చేసుకోండి.
5. గూగుల్ మ్యాప్స్‌లో వెళ్లే ఊరి ఆఫ్‌లైన్ మ్యాప్ ఇంటి వైఫై మీదే దింపుకోండి.

ఐఫోన్‌లో సిమ్ మార్చినప్పుడు ఐమెసేజ్, ఫేస్‌టైమ్ యాక్టివేషన్ కోసం ఫోన్ ఒక విదేశీ ఎస్ఎంఎస్ పంపవచ్చు. చిన్న మొత్తమే, కానీ బిల్లులో ఈ ఎస్ఎంఎస్ ఎవరు పంపారని తలపట్టుకునేవాళ్లు ఎక్కువ.

దేశంలో తిరిగేటప్పుడు ఇంత భయం అక్కర్లేదు. ఆంధ్ర, తెలంగాణ రెండూ టెలికం లెక్కలో ఇప్పటికీ ఒకే సర్కిల్, అంటే ఒకే సేవా ప్రాంతం. బెంగళూరు వెళ్లినా చాలా ప్లాన్లలో డేటాకు విడిగా చార్జీ ఉండదు.

చార్జీ పడిపోతే

ముందు అది డేటాదేనా అని చూడండి. కాలర్ ట్యూన్, గేమ్స్, జాతకాల సర్వీసుల చార్జీ అయితే 155223కు ఫోన్ చేసి ఆపించవచ్చు. ప్లే స్టోర్‌లో చెల్లింపు పద్ధతిగా మీ ఫోన్ బిల్లు పెట్టి ఉంటే పిల్లలు ఆటలో కొన్నవి కూడా బిల్లులోకే వస్తాయి. దాన్ని తీసేయండి.

డేటా చార్జీయే అయితే వాడకం పేజీ స్క్రీన్‌షాట్ తీసి, కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) తీసుకోండి. రోమింగ్ బిల్లయితే డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉన్నట్టు చూపే స్క్రీన్‌షాట్, బోర్డింగ్ పాస్ తేదీలు దగ్గర పెట్టుకుంటే వాదన నిలబడుతుంది. జవాబు నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేయవచ్చు. డాకెట్ నంబరు లేకుండా అప్పీలు ముందుకు కదలదు, కాబట్టి ఫోన్ పెట్టేసే ముందే దాన్ని రాసుకోండి.