చెన్నైలో ఓ ప్రేమ నవల, అందులో చిన్న రహస్యం: ఎలా రాయాలి?

ముందే ఒక సంగతి తేల్చుకోండి. మీరు రాస్తున్నది ప్రేమ నవల. వాళ్లిద్దరూ చివరికి ఏమవుతారో అన్న టెన్షన్‌తోనే పాఠకులు పేజీ తిప్పుతారు. రహస్యం ఆ ఇద్దర్నీ మళ్లీ మళ్లీ ఒకచోటికి చేరిస్తే చాలు. శవాలు, పోలీసులు, కిడ్నాపులు వద్దు. హత్య జరిగిన ఇంట్లో కూర్చుని సిగ్గుపడే హీరోయిన్‌ని ఎవరూ నమ్మరు.

మొదటి పని: రహస్యాన్ని ఒక్క ప్రశ్నగా రాసుకోండి. ఉదాహరణకు టీనగర్‌లో ఓ పాత ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేస్తున్నారు. సామాన్లు సర్దుతుంటే, చనిపోయిన అమ్మమ్మ బీరువాలో చీరల కింద ఓ కవరు దొరికింది. పైన ఆమె పేరు, ‘మద్రాసు-17’ (టీనగర్‌కి పాత పోస్టల్ నంబరు). స్టాంపు ఎవరో చింపుకున్నారు. లోపల తేదీ లేదు, సంతకం లేదు. ‘నువ్వు రమ్మంటే వస్తాను. లేదంటే మళ్లీ ఆ గుమ్మం తొక్కను’ అని రెండే వాక్యాలు. రాసిందెవరు?

రెండో పని: జవాబు చెరి సగం పంచండి. తరాలుగా చెన్నైలో ఉన్న తెలుగు కుటుంబాల్లో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ, బళ్లో తమిళం, ఇంగ్లీషు నేర్చుకోవడం వల్ల చాలామందికి తెలుగు చదవడం రాదు. హీరో అలాంటివాడు. హీరోయిన్ నెల్లూరు నుంచి వచ్చి, చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎమ్మార్ రోడ్డులో ఉద్యోగం చేస్తోంది. ఉత్తరం అతను చదవలేడు. ఆ ఇంటి మనుషులెవరో ఆమెకు తెలీదు. ఇక వాళ్లని కలపడానికి మీరు లిఫ్టు చెడగొట్టక్కర్లేదు.

మూడో పని ఆధారాలు పేర్చడం. ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. కవరు మీద అది లేదు కాబట్టి ఉత్తరం అంతకు ముందుదని హీరో లెక్కేస్తాడు. అమ్మమ్మ పెళ్లి 1973లో అయింది. అంటే పెళ్లికి ముందు ఎవరో ప్రేమికుడు! పాఠకుడు కూడా అటే పోతాడు. ‘వస్తాను’ అన్న మాటలో రాసింది ఆడో మగో తెలీదు కదా, మన భాష మనకు చేసే సాయం అది. నిజానికి పిన్‌కోడ్ వచ్చాక కూడా ఎంతోమంది పాత అలవాటు కొద్దీ ‘మద్రాసు-17’ అనే రాసేవారు. కాబట్టి దారి తప్పించడమే గానీ మోసం కాదు.

చింపుకున్న స్టాంపు ఎక్కడుంది? చిన్నప్పుడు స్టాంపులు పోగుచేసిన మామయ్య ఆల్బమ్‌లో. అది 1975లో ప్రపంచ తెలుగు మహాసభలకు తపాలా శాఖ వేసిన స్టాంపు. పోస్టు ముద్ర సగం దాని మీద, సగం కవరు మీద ఉన్నాయి. రెండూ కలిపితే ‘తెనాలి’. అప్పటికి అమ్మమ్మ ఇద్దరు పిల్లల తల్లి. ప్రేమికుడి లెక్క అక్కడితో పోయింది. రెండో అధ్యాయంలోనే పెళ్లి ఫొటోలో అమ్మమ్మ పక్కన, ఎవరూ పేరు చెప్పని ఓ అమ్మాయిని నిలబెట్టి ఉంచండి. ‘ముందే చెప్పారు కదా, నేనే గమనించలేదు’ అని పాఠకుడు నాలిక్కరుచుకోవాలి.

నాలుగో పని: ప్రతి ఆధారం దగ్గరా ఆ ఇద్దరి మధ్య ఏదో ఒకటి మారాలి. మారకపోతే ఆ సీను కొట్టేయండి. ఆల్బమ్ సీనే చూడండి. కవరు జారకుండా ఆమె వేలితో నొక్కి పట్టుకుంది. అతను స్టాంపు అంచు కలుపుతున్నాడు. ముద్ర గుండ్రంగా కుదిరింది. ఇద్దరి వేళ్లూ కాగితం మీదే ఉన్నాయి. ఇన్నాళ్లూ ‘చదవండి’ అన్నవాడు ‘ఏముందో చదువు’ అన్నాడు. ఆమె చదివింది. ఆ మార్పుని కథకుడిగా మీరు ఎత్తిచూపకండి.

ఊరు విషయంలో గైడు పని వద్దు. ఆ సీనుకి అవసరమైనంతే చెన్నై చాలు. నవంబరు వానకి వేళచ్చేరి వీధిలో నీళ్లు నిలిచి ఆమె హాస్టల్‌కి వెళ్లలేకపోవడం కథకి పనికొస్తుంది. మెరీనాలో సూర్యోదయం వర్ణన సాధారణంగా దేనికీ పనికిరాదు. పానగల్ పార్కు పక్కన నడుస్తూ, ‘ఈ పానగల్ రాజా మనవాడే, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి’ అని హీరో గొప్పలు పోతే, ‘ఆయన పేరైనా తెలుగులో రాయగలవా?’ అని ఆమె అడగొచ్చు.

ముగింపులో వరస ముఖ్యం. రహస్యం ముందు విడిపోవాలి, ప్రేమ తర్వాత తేలాలి. కులం వేరని హీరో ఇంట్లో ఒప్పుకోరు. ‘మన ఇంటా వంటా లేదు’ అంటారు. ఆ ఉత్తరం రాసింది అమ్మమ్మ చెల్లెలు, ఇష్టపడి పెళ్లి చేసుకుందని ఇంట్లోవాళ్లు గెంటేసిన మనిషి. అంటే ఇంట్లో ఉందన్నమాట! ఇక పెద్దలు ఏ మొహం పెట్టుకుని కాదంటారు? మరి అమ్మమ్మ చెల్లెల్ని రమ్మందా లేదా అన్నది మాత్రం మీరే తేల్చుకోవాలి. హీరో ధైర్యం దాన్నిబట్టి ఉంటుంది.

మొత్తం అయ్యాక సగం వరకే ప్రింటు తీసి, మొహమాటం లేని స్నేహితురాలికి ఇచ్చి ‘ఎవరు రాశారనుకుంటున్నావు?’ అని అడగండి. టక్కున ‘చెల్లెలు’ అంటే పెళ్లి ఫొటో గురించి రాసింది ఎక్కువైందని. రెండు వాక్యాలు తీసేసి ఇంకొకరికి ఇవ్వండి.